సున్నాకి రాని చక్రం



మొన్నటి చలికాలంలో నాలుగు శనివారాలు మా ఇంట్లో లైటు రాత్రి పదకొండు దాకా వెలుగుతూనే ఉంది. సెకండ్ షిఫ్ట్ దిగి ఇంటికి పోతున్న తమ్ముళ్లు అది చూసి ఆదివారం నాడు అడిగారు, "అయ్యగారూ, రాత్రి కూడికలు పెట్టారా? మాకు చెప్పలేదేం?" అని. కూడిక కాదు. ఆ నాలుగు రాత్రులు మేము అమెరికాలో ఉన్న ఒక ఆట మిషను రిపేరులో ఉన్నాం. నవ్వకండి, చివరి వరకూ చదవండి. సంబంధించిన వాళ్లిద్దరినీ అడిగి, పేర్లు లేకుండా రాస్తున్నాం.

మన సంఘంలో ఒక పెద్దయ్య ఉన్నారు. ముప్పై ఏళ్లకు పైగా బాయిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేశాక మందిరం వెనుక గల్లీలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నారు. మందిరంలో ఫ్యాను ఆగినా, మైకు గుర్రుమన్నా మనం పిలిచేది ఆయననే. ఆయన కొడుకు షికాగో దగ్గర ఒక ఊళ్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాడు. ఆ అబ్బాయి తన ఇంటి కింది గదిలో పెట్టుకోవడానికి ఒక పాత పిన్‌బాల్ మిషను కొన్నాడు. 1970లలో తయారైనది. తెచ్చాక అది పని చేయలేదు. అక్కడ బాగుచేసేవాళ్లు దొరకడం కష్టం, దొరికినా గంటకింత అని అడుగుతారు. ఒకరోజు మాకు ఫోన్ చేసి మొహమాటంగా అడిగాడు. "పాస్టర్ గారూ, బాపుకు స్మార్ట్ ఫోన్ చేతకాదు. శనివారం మీ ఇంటికి పిలిచి వీడియో కాల్‌లో చూపిస్తారా? ఒక్కసారి చూస్తే ఆయనకు తెలిసిపోతుంది."

ఆ మాట వినగానే మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

2021 మే నెల మీకందరికీ గుర్తే. ఆ నెలలోనే పెద్దయ్య భార్య, మన సంఘంలో అందరూ అవ్వా అని పిలిచే తల్లి, కరోనాతో వెళ్లిపోయింది. అప్పటికి కొడుకు ఇంట్లో కోడలికి ఏడో నెల. ఆ మే 4 నుంచి మన దేశం మీదుగా వెళ్లే చాలామంది వీసాదారులకు అమెరికా దారి మూసేసింది. వస్తే మళ్లీ ఎప్పుడు వెళ్లగలడో తెలియదు. అతను రాలేదు. సమాధి దగ్గర ఉన్నది కొద్దిమందిమే. మేము ఫోన్ పట్టుకుని వీడియోలో చూపిస్తుంటే మట్టి వేసే వేళకు సిగ్నల్ పోయింది. ఆ సాయంత్రం అతను ఫోన్ చేసి ఏడుస్తూ అడిగాడు, "బాపుకు నా మీద కోపమున్నదా?" అని. మేము వెంటనే, "లేదు బాబూ, ఆయన అంతా అర్థం చేసుకున్నారు, క్షమించేశారు" అన్నాం.

పెద్దయ్యను మేము ఆ మాట అడగనే లేదు. ఓదార్చాలనే తొందరలో ఆయన తరఫున మేమే చెప్పేశాం. తర్వాత ఆయనతో, "అబ్బాయి చాలా బాధపడుతున్నాడు" అంటే, ఆయన "సర్లే అయ్యగారూ, వాని ఇబ్బంది వానికున్నది" అన్నారు. సమస్య తీరిపోయిందని మేము సంతోషపడ్డాం.

ఆ తర్వాత మూడేళ్లకు పైగా ప్రతి ఆదివారం వాళ్లిద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు. "తిన్నవా?" "తిన్న." "పానం మంచిగున్నదా?" "మంచిగనే ఉన్నది." "సరే మరి." రెండు నిమిషాలు. బయటి నుంచి చూస్తే ఏ తప్పూ లేదు.

మొదటి శనివారం. మాకు రాత్రి 8 అయితే వాళ్లకు పొద్దున 8.30. భోజనాల బల్ల మీద ఫోన్ నిలబెట్టాం. తెర మీద మిషను కనపడింది. ఇంటర్నెట్ సెంటర్లకు వెళ్లిన తరం వారికి విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్లలో పిన్‌బాల్ ఆట గుర్తుండే ఉంటుంది. అసలుది అలాంటిదే. వాలుగా ఉన్న బల్ల, పైన అద్దం, లోపల ఉక్కు గోళీ. గోళీ కిందికి జారి పోకుండా కొట్టడానికి రెండు రెక్కలు, వాటిని ఫ్లిప్పర్లు అంటారు. ఆ రెక్కలు ఈ ఆటలోకి వచ్చింది 1947లో. షికాగోలోని గాట్‌లీబ్ కంపెనీ చేసిన హంప్టీ డంప్టీ అనే మిషనుతో. ఈ ఆటకు షికాగోనే పుట్టినిల్లు లాంటిది. న్యూయార్క్ నగరంలో మాత్రం ఇది జూదమని 1942లో నిషేధించి, మిషన్లను సుత్తెలతో పగలగొట్టించారు. 1976లో రోజర్ షార్ప్ అనే ఆయన నగర పెద్దల ముందు ఆడి, గోళీ ఎటు పోతుందో ముందే చెప్పి కొట్టి, ఇది అదృష్టం కాదు నేర్పు అని చూపించాక ఆ నిషేధం పోయింది.

పెద్దయ్యకు ఈ చరిత్ర అక్కర్లేదు. అబ్బాయి బల్లను పైకి లేపి అడుగు భాగం చూపించాడు. వందల కొద్దీ వైర్లు, కాయిళ్లు, రిలేలు, రేకు స్విచ్‌లు. ఒక్క చిప్పు కూడా లేదు. పెద్దయ్య ముందుకు వంగారు. చాలా రోజుల తర్వాత ఆయన కళ్లలో వెలుగు చూశాం.

"ఇండ్ల కంప్యూటర్ లేదు గదరా! గిదంతా మా హాలేజీ ప్యానెల్ లెక్కనే ఉన్నది."

"అందుకే నిన్ను అడుగుతున్న బాపూ."

"ముందుగాల ప్లగ్గు తీసినవా?"

"స్విచ్ ఆఫ్ చేసిన."

"స్విచ్ కాదు. ప్లగ్గు పీకి నీ కండ్ల ముందట పెట్టుకో. నీ కండ్లకు ఆనకపోతే అది తీసినట్టు కాదు."

బాయిలో పని చేసినవారికి ఈ మాట వెనుక ఏముందో తెలుసు. భూగర్భంలో చేత్తో పట్టుకునే డ్రిల్లుకు 125 వోల్టులు మించి ఇవ్వరు. పంపులు, హాలేజీలు 550 వోల్టుల మీద నడుస్తాయి. గాలిలో మీథేన్ చేరే చోట ఒక నిప్పురవ్వ చాలు. అందుకే అక్కడి ప్యానెళ్లు ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెల్లో ఉంటాయి. లోపల మంట పుట్టినా బయటి గాలిని అంటించకుండా ఆ పెట్టె ఆపాలి. దాని మూతకు ఒక్క బోల్టు తక్కువైనా ఆ పెట్టె పెట్టె కాదు. కరెంటు తీయడం, మళ్లీ ఎవరూ వేయకుండా తాళం వేసి బోర్డు పెట్టడం, నిజంగా పోయిందో లేదో పరీక్షించడం, ఆ తర్వాతే చేయి పెట్టడం. ముప్పై ఏళ్లు ఆయన ప్రాణం, తోటివారి ప్రాణం ఆ వరుస మీదనే నిలబడ్డాయి.

ఆ రాత్రి ఆయన మొదట అడిగింది ఫ్యూజు గురించి. "దాని మీద ఏం రాసున్నది? పక్కన చీటీ మీద ఏం రాసున్నది?" చీటీ మీద 10 ఆంపియర్లు. పెట్టి ఉన్నది 25. ఎవరో పాత యజమాని, మాటిమాటికీ ఫ్యూజు పోతోందని విసుగొచ్చి పెద్దది పెట్టేశాడు. పెద్దయ్య తల ఊపారు. "ఫ్యూజు పోవుడు తప్పు కాదురా. తప్పు ఎక్కడనో ఉన్నదని అది మొత్తుకుంటున్నది. దాని నోరు మూసిండ్రు. ఇగ లోపల కాలుతనే ఉన్నది."

నిజంగానే లోపల కాలింది. ఎడమ రెక్క కాయిల్ మీది కాగితం నల్లబడి ఉంది. మీటరు పెట్టి కొలవమన్నారు. ఎన్ని ఓములు ఉండాలో ఆయనకు తెలియదు. కానీ దారి తెలుసు. "కుడి దిక్కుది మంచిగనే ఉన్నది గద. ముందు దాన్ని కొలువు. తర్వాత ఎడమది. రెండింటికీ ఎంత తేడా ఉన్నదో జెప్పు." ఎడమది దాదాపు సున్నా చూపించింది. లోపల చుట్లు కాలి ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కొత్త కాయిల్ ఆర్డర్ పెట్టమని చెప్పి ఆయన లేచారు. వెళ్తూ వెళ్తూ, "ఆ పెద్ద ఫ్యూజు పారెయ్యి. మల్ల దాని జోలికి పోకు" అన్నారు. ఆ రాత్రి మాటలు గంటన్నర సాగాయి. "తిన్నవా" అని ఒక్కసారి కూడా అడుక్కోలేదు.

రెండో శనివారానికి కాయిల్ వచ్చింది. అబ్బాయి బిగించేస్తానన్నాడు. పెద్దయ్య ఆపారు. "పాతది ఎందుకు కాలిందో తెలవకుండ కొత్తది పెడితే గదీ కాలుతది."

ఇక్కడ మేము నేర్చుకున్న ఒక సంగతి మీతో చెప్పాలి. ఆ రెక్క కాయిల్‌లో రెండు చుట్లు ఉంటాయి. ఒకటి లావు తీగది, బలంగా లాగుతుంది. బటన్ నొక్కగానే రెక్కను ఎగరేసేది అదే. రెండోది సన్న తీగతో ఎక్కువ చుట్లు చుట్టినది. లేచిన రెక్కను అలాగే పట్టుకుని ఉంచడానికి కొద్ది కరెంటు చాలు, ఆ పని దానిది. రెక్క పైకి చేరగానే చివర ఉన్న చిన్న రేకు స్విచ్ విడిపోవాలి. అప్పుడు కరెంటు రెండు చుట్ల గుండా వెళ్లి తగ్గిపోతుంది. ఆ స్విచ్ విడిపోకపోతే, రెక్క ఎప్పుడో లేచినా, కాయిల్ మాత్రం ఇంకా పూర్తి బలంతో లాగుతూనే ఉంటుంది. కొద్దిసేపటికి కాలిపోతుంది. ఆ స్విచ్ మురికి పట్టి తాకకపోతే అప్పుడు వేరే జబ్బు. రెక్క లేవనే లేవదు, లేచినా నీరసంగా లేస్తుంది.

అబ్బాయి మిషనులో మొదటి జబ్బే. రేకు వంగి, ఎడం లేకుండా పోయింది. పెద్దయ్య చెప్పినట్టు ముక్కు పటకారుతో రేకును కొంచెం కొంచెం వంచి, రెక్కను చేత్తో ఎత్తి, చివరికి వచ్చాక రెండు మొనలూ విడిపోతున్నాయా లేదా చూసుకుంటూ సరిచేశాడు. గట్టి మొనలను సన్న ఆకురాయితో రుద్దమన్నారు. నూనె మాత్రం కొట్టొద్దన్నారు. నూనె మీద దుమ్ము పేరుతుంది, మొనల దగ్గర రవ్వ వస్తే అంటుకుంటుంది కూడా.

ఆ రాత్రి పడుకునే ముందు మేమిద్దరం మాట్లాడుకున్నాం. లేపే బలం వేరు, నిలబెట్టే బలం వేరు. మన ఇళ్లలో కూడా ఏదైనా కష్టం రాగానే పూర్తి బలంతో లేస్తాం. అది అవసరమే. కానీ పని అయ్యాక కూడా అదే బలంతో, అదే కోపంతో, అదే దుఃఖంతో లాగుతూ ఉంటే లోపల కాలిపోతాం. మేము పరిచర్యలో ఆ తప్పు చాలాసార్లు చేశాం.

మూడో శనివారం. రెండు రెక్కలూ చక్కగా కొడుతున్నాయి. కానీ ఆట మొదలు కావడం లేదు. స్టార్ట్ బటన్ నొక్కగానే లోపల ఒక మోటారు తిరగడం మొదలై, ఇక ఆగదు. గర్... గర్... అని తిరుగుతూనే ఉంటుంది. ఇలాంటి పాత మిషన్లలో లెక్కలు చూపేది అంకెల చక్రాలు. ఒకట్లు, పదులు, వందలు, వేలు. కొత్త ఆట మొదలవ్వాలంటే ముందటి ఆట లెక్క పోయి అన్నీ సున్నాకి రావాలి. ఆ మోటారు వాటిని ఒక్కో మెట్టు తిప్పుతూ సున్నాకి తెస్తుంది. ప్రతి చక్రం వెనుక ఒక చిన్న స్విచ్ ఉంటుంది. చక్రం సున్నాకి రాగానే ఆ స్విచ్ మారి, నేను వచ్చేశానని చెప్పాలి. నాలుగూ చెప్తేనే మోటారు ఆగి గోళీ బయటికి వస్తుంది.

"బాపూ, నాలుగు చక్రాలు సున్నా మీదనే ఉన్నయి. చూడు, 0000. మరి మోటారెందుకు ఆగుత లేదు?"

మిషనుతో పాటు వచ్చిన పెద్ద సర్క్యూట్ కాగితాన్ని అబ్బాయి ఫోటోలు తీసి ముందే పంపాడు. మేము వాటిని జిరాక్స్ సెంటర్లో పెద్దవి చేయించి, టేపుతో అతికించి బల్ల మీద పరిచాం. అమెరికా గుర్తులు వేరు. మొదటి పది నిమిషాలు పెద్దయ్య వేలితో తడుముకున్నారు. తర్వాత పెన్సిల్ తీసుకుని ఒక్కో గీత వెంట నడిచారు. చివరికి ఒకచోట ఆగి, "ఇగో, ఈ వరుసల ఎక్కడనో తెగింది" అన్నారు.

అన్నీ ఒక్కొక్కటే చూస్తూ పోవద్దన్నారు. పొడవాటి కేబుల్‌లో తప్పు వెతికినట్టు, సగం దగ్గర చూడు. సగం వరకు బాగుంటే తప్పు అవతలి సగంలో ఉంది. మళ్లీ దాంట్లో సగం. ప్లగ్గు పీకి, వేరే దారి గుండా కరెంటు తిరిగొచ్చి మీటరును మోసం చేయకుండా ఒక కొస వైరు విడదీసి కొలిచారు. నాలుగోసారికి దొరికింది. వందల చక్రం.

"ఈ చక్రం సున్నా మీదనే ఉన్నది బాపూ. కానీ స్విచ్ దగ్గర మీటరు అటూ ఇటూ ఊగుతున్నది. ఒక్కతీరుగ నిలబడుత లేదు."

"దగ్గరికి చూపెట్టు."

ఫోన్ వెలుగులో చూశాం. రేకు మొనల మీద సన్నటి నల్లటి పొర. ఎన్నేళ్ల మసో. బయట అద్దంలో తెల్లగా 0 కనిపిస్తోంది. లోపల మాత్రం ఆ రెండు మొనలూ సరిగా తాకడం లేదు. అందుకే మిషను మొత్తం, ఇంకా పని కాలేదనుకుని తిరుగుతూనే ఉంది.

పెద్దయ్య కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. సిగ్నల్ పోయిందేమో అనుకుని అబ్బాయి "బాపూ? బాపూ?" అంటున్నాడు.

"ఉన్నరా" అన్నారు. తర్వాత మెల్లగా, "పైకి సున్నానే కనపడుతున్నది. లోపల తాకుత లేదు. నా సంగతి గూడ గంతే బిడ్డా. మీ అవ్వ పోయిన్నాడు అయ్యగారితోటి నేను సర్లే అన్న. అది బయటి అంకె. నువ్వు రాకపోతివని నా లోపల ఇప్పటికీ తిరుగుతనే ఉన్నది."

మా గుండె ఆగినంత పనైంది. అటు వైపు నుంచి చాలాసేపు ఏ శబ్దమూ లేదు. తర్వాత అబ్బాయి అన్నాడు, "నాకు తెలుసు బాపూ. పాస్టర్ గారు నువ్వు క్షమించినవన్నరు. నేను నమ్మలే. నిన్ను అడుగుదామంటే ధైర్యం రాలే." మళ్లీ కాసేపాగి, "అవ్వ ఆఖర్కి ఏమన్నది బాపూ? ఎవ్వలూ నాకు చెప్పలే" అన్నాడు.

మేము ఫోన్‌ను నీళ్ల చెంబుకు ఆనించి లేచి వంటింట్లోకి వెళ్లిపోయాం. ఆ తల్లి ఏమందో ఆ ఇద్దరి మధ్యనే ఉండాలి. గోడ అవతల ఇద్దరు మగవాళ్ల ఏడుపు మాత్రం వినిపించింది. టీ పెట్టి, చల్లారిపోతే మళ్లీ వేడి చేసి, అలా ఎంతసేపు నిలబడ్డామో తెలియదు. పెద్దయ్యను అడగకుండా ఆయన క్షమాపణను మేము పంచిపెట్టిన రోజు గుర్తొచ్చి, సిగ్గుతో అక్కడే మోకరించాం. కాపరులం కాబట్టి అన్ని చక్రాలూ త్వరగా సున్నాకి తెచ్చేయాలని మాకు తొందర. అద్దంలో అంకె చూసి తృప్తి పడ్డాం, వెనుక ఏం తాకుతోందో చూడలేదు. తర్వాత ఆ ఇద్దరినీ వేర్వేరుగా క్షమాపణ అడిగాం. పెద్దయ్య నవ్వి, "మీరు గూడ పెద్ద ఫ్యూజు పెట్టిండ్రు అయ్యగారూ" అన్నారు. ఆ మాట మాకు తగిలింది, తగలాల్సిందే.

తిరిగి వచ్చేసరికి పెద్దయ్య కళ్లద్దాలు పెట్టుకుని పనిలో ఉన్నారు. "ఆ మొనల నడుమ గట్టి కాగితం ముక్క పెట్టు. రేకులను నెమ్మదిగ ఒత్తి పట్టి కాగితాన్ని లాగు. మళ్ల కొత్తది పెట్టి లాగు. నలుపు రాకుండ అయ్యేదాక." అబ్బాయి విజిటింగ్ కార్డు చింపి లాగాడు. మొదటి ముక్క నల్లగా వచ్చింది. రెండోది బూడిద రంగులో. ఐదోది తెల్లగా. వైరు తిరిగి అతికి, ప్లగ్గు పెట్టి, బటన్ నొక్కాడు. మోటారు నాలుగు చుట్లు తిరిగి, టక్కుమని ఆగింది. గోళీ బయటికి దొర్లింది.

నాలుగో శనివారం రిపేరు లేదు. తాత ఇప్పటివరకు సరిగా మాట్లాడని మనవరాలు పీట మీద నిలబడి బటన్లు నొక్కింది. గోళీ పోతుంటే ఊరుకోలేక బల్లను ఊపింది. ఇలాంటి మిషన్లలో లోపల ఒక లోలకం వేలాడుతుంది. మరీ ఊపితే అది చుట్టూ ఉన్న ఉంగరానికి తగిలి ఆట ఆగిపోతుంది. ఆగింది. ఆ పాప ఏడుపు, తాత నవ్వు.

అంతా బాగైపోయిందని చెప్పడం లేదు. యాభై ఏళ్ల మిషను అది. పోయిన నెల ఒక లైటు హోల్డర్ వదులైంది. తండ్రీ కొడుకుల మధ్య కూడా ఒకరోజు మాట పెరిగింది, పెద్దయ్య అక్కడికి ఎప్పుడు వెళ్లాలనే దాని మీద. అయినా ఇప్పుడు పోట్లాడుకునేంత దగ్గరగా ఉన్నారు. "సరే మరి" అని రెండు నిమిషాలకే ఫోన్ పెట్టేయడం లేదు.

ప్రియమైన వారలారా, తప్పిపోయిన కుమారుని కథను మనం ఎన్నోసార్లు విన్నాం. ఇంటి నుంచి వెళ్లినవాడే తప్పిపోయాడని అనుకుంటాం. ఇంట్లోనే ఉండి, పనులన్నీ సరిగా చేస్తూ, లోపల మాత్రం తాకకుండా పోయిన పెద్ద కొడుకు కూడా ఆ కథలోనే ఉన్నాడు. మన పల్లెల్లో, కాలనీల్లో చాలా ఇళ్ల నుంచి పిల్లలు దూరం వెళ్లారు. ప్రతి ఆదివారం ఫోన్లు నడుస్తున్నాయి. ఆ ఫోన్లలో ఎన్ని సున్నాలు నిజమైనవి?

ఈ వారం ఒక పని చేద్దాం. మీరు "సర్లే" అని వదిలేసిన ఒక్క మాటను గుర్తు తెచ్చుకోండి. అన్నీ ఒక్కసారి విప్పకండి. ముందు ప్లగ్గు తీయండి, అంటే కోపం చల్లారనివ్వండి. తర్వాత ఒక్క చోట కాగితం ముక్క పెట్టి నెమ్మదిగా లాగండి. మొదటి ముక్క నల్లగా వస్తే భయపడకండి. ఇంకొకటి పెట్టండి.

ఎవరికైనా ఫోన్ పట్టుకునే మనిషి కావాలంటే మా భోజనాల బల్ల ఖాళీగానే ఉంది. ఈసారి మీ తరఫున మేము ఏమీ చెప్పం. టీ మాత్రం పెడతాం.

మీ ప్రార్థనల్లో మమ్మల్ని జ్ఞాపకం చేసుకోండి.

మీ కాపరి కుటుంబం